చూసేవాళ్లు వేలల్లో, వచ్చేది వందల్లో: సొంత వెబ్‌సైట్‌కి ప్రకటనల డబ్బు ఎలా పడుతుంది, ఎక్కడ ఆగుతుంది

క్లుప్తంగా: సొంత సైట్‌లో ప్రకటనకి వచ్చే డబ్బు ఎంతమంది చూశారన్నదాని కంటే, ఆ చూసేవాళ్ల కోసం ఎంతమంది వేలం పాడారన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. తెలుగు పేజీకి పాడేవాళ్లు తక్కువ కాబట్టి రేటూ తక్కువే. దానికి తోడు వాట్సాప్‌లోనే పరీక్షా ఫలితాలు, గూగుల్ పైనే ఏఐ జవాబులు వచ్చాక సైట్ దాకా వచ్చే జనం కూడా తగ్గుతున్నారు. జిల్లా జనం మాత్రమే చదివే సైట్‌కి గూగుల్ వేలం కంటే పక్క వీధి దుకాణం ఇచ్చే నెలవారీ ప్రకటనే చాలాసార్లు గట్టిది.

## గందరగోళం ఎక్కడుంది

డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకి చదువుకుంటూ, పక్కన ఒక వెబ్‌సైట్ నడుపుకునే పిల్లలు నెల్లూరులో, ఒంగోలులో కనపడుతూనే ఉంటారు. ఉద్యోగ నోటిఫికేషన్లు, పరీక్షా ఫలితాలు, ప్రభుత్వ పథకాలు, వంటలు, రొయ్యల రేట్లు, ఇలా ఏదో ఒకటి. డొమైన్‌కి ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూగా అవుతుంది, హోస్టింగ్‌కి ఇంకొంత. ఆ తర్వాత యాడ్‌సెన్స్ (సైట్లలో ప్రకటనలు పెట్టించి డబ్బు ఇచ్చే గూగుల్ సేవ) అప్రూవల్ వస్తే చాలు, నెల తిరిగేసరికి జీతంలా డబ్బులు పడతాయని వీడియోల్లో చెప్తుంటారు. ఫీజు కట్టించుకుని కోర్సులు కూడా చెప్తున్నారు.

అప్రూవల్ వస్తుంది. జనమూ వస్తారు. మూడు నెలలయ్యాక చూస్తే ఖాతాలో నాలుగు డాలర్లు ఉంటాయి. నేనేం తప్పు చేశాను అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. చాలాసార్లు తప్పేమీ ఉండదు, లెక్క పనిచేసే తీరే అది. ఆ తీరు ముందే తెలిస్తే కోర్సు ఫీజు మిగులుతుంది, ఏడాది కాలమూ మిగులుతుంది.

## పొగాకు వేలం తెలిస్తే ఇదీ తెలిసినట్టే

ప్రకాశం జిల్లా వాళ్లకి ఈ పద్ధతి చెప్పడానికి వేరే ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. టంగుటూరులోనో కొండపిలోనో పొగాకు బోర్డు వేలం కేంద్రానికి రైతు బేళ్లు (పొగాకు కట్టలు) తోలుకొస్తాడు. వాటిని వరసగా పెట్టి గ్రేడు వేస్తారు, కంపెనీల బయ్యర్లు వరస వెంట నడుస్తూ చేతిలోని మిషన్‌లో ధర కొడతారు, ఎక్కువ కొట్టినవాళ్లకి ఆ బేలు పోతుంది. ఎవరూ పాడని బేలు నోబిడ్ కింద పక్కకి పోతుంది, రైతు దాన్ని మళ్లీ ఇంటికి తోలుకోవాలి. ఆకు ఎంత బాగున్నా ఆ రోజు బయ్యర్లు పోటీ పడకపోతే ధర లేవదు, ఇది అక్కడి రైతుకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

వెబ్‌పేజీలో ప్రకటన కోసం వదిలిన ఖాళీ చోటు కూడా అలాంటి బేలే. కోవూరు బస్టాండులో నిలబడి ఒకతను ఫోన్‌లో లింకు నొక్కాడనుకుందాం. పేజీ తెరుచుకునే ఆ సెకనులోపే, ఇతను ఏ ఊళ్లో ఉన్నాడు, ఏ ఫోను వాడుతున్నాడు, పేజీ దేని గురించి, ఈ మధ్య ఏమేం వెతికాడు అన్న వివరాల మీద ప్రకటనకర్తల తరఫున సాఫ్ట్‌వేర్లు పాట పాడేస్తాయి. గెలిచినవాళ్ల బొమ్మ తెర మీదకి వస్తుంది. ఎవరూ పాడకపోతే ఆ చోటు ఖాళీగానే ఉండిపోతుంది, అది ఈ వేలంలో నోబిడ్.

తేడా ఒక్కచోటే ఉంది, దాని దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. పొగాకు కేంద్రంలో గ్రేడు ఆకుని బట్టి ఉంటుంది. ఇక్కడ వ్యాసం ఎంత బాగుందన్నది నేరుగా గ్రేడు కాదు, చదివే మనిషే గ్రేడు. ఒకే వ్యాసాన్ని ఇద్దరు తెరిస్తే అవి రెండు వేర్వేరు బేళ్లు, రెండు వేర్వేరు ధరలు.

ఈ వేలం నియమాలు కూడా మధ్యమధ్యలో మారాయి. యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది. చాలాకాలం గెలిచినవాళ్లు తాము పాడిన ధర కాకుండా, రెండో స్థానంలో ఉన్నవాళ్ల ధర కంటే కాస్త ఎక్కువ కడితే సరిపోయేది. 2021 నుంచి పాడిన ధరే కట్టే పద్ధతికి మార్చారు. సైట్ యజమానికి ఎంత వాటా ఇస్తున్నారో గూగుల్ మొదటిసారి బయటపెట్టింది 2010లో, అది 68 శాతం. 2024 మొదట్లో దీన్ని రెండు ముక్కలుగా చూపించడం మొదలుపెట్టారు. ప్రకటనకర్త గూగుల్ యాడ్స్ (ప్రకటనలు ఇచ్చేవాళ్ల వైపు గూగుల్ సేవ) ద్వారా 100 రూపాయలు ఖర్చుపెడితే, కొనుగోలు వైపు సగటున 15 రూపాయలు గూగుల్ తీసుకుంటుంది. మిగిలిన 85లో 80 శాతం సైట్‌కి వస్తుంది. లెక్క వేస్తే మళ్లీ అదే 68. కాబట్టి "80 శాతం ఇస్తున్నారు" అని ఎవరైనా చెప్తే మొదటి కోత తర్వాత మాట అని అర్థం చేసుకోవాలి.

అప్పుడే ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతకుముందు సైట్‌కి ఎక్కువగా క్లిక్ లెక్కన కట్టేవాళ్లు, 2024 నుంచి ప్రకటన కనపడిన లెక్కన కడుతున్నారు. క్లిక్ పడితేనే డబ్బు అని ఇప్పటికీ చెప్తున్నవాళ్లు పాత పాఠం చెప్తున్నట్టే.

## తెలుగు పేజీకి పాడేవాళ్లు ఎందుకు తక్కువ

యాడ్‌సెన్స్‌కి తెలుగు అధికారికంగా వచ్చింది 2018లో. హిందీకి 2014 చివర్లోనే వచ్చింది. ఆలస్యం సంగతి అలా ఉంచితే, తెలుగు వచ్చే సమయానికి ఇంకోటి జరిగిపోయింది. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చౌకైంది, పల్లెల్లో కూడా ఫోన్‌లో చదవడం, చూడడం అలవాటైంది. చదివేవాళ్లు పెరిగారు, కానీ పేజీలు అంతకంటే వేగంగా పెరిగాయి. బేళ్లు కుప్పలుగా వచ్చి బయ్యర్లు అదే సంఖ్యలో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బయ్యర్ల వైపు నుంచి చూస్తే కారణం ఇంకా స్పష్టంగా కనపడుతుంది. వేలంలో గట్టిగా పాడేది లోన్లు, ఇన్సూరెన్స్, రియల్ ఎస్టేట్, విదేశీ చదువులు, సాఫ్ట్‌వేర్ కోర్సులు అమ్మేవాళ్లు. ఒక్క కస్టమర్ దొరికితే వేలల్లో లాభం ఉంటుంది కాబట్టి ఒక్క చూపుకి ఎక్కువ పెట్టగలరు. వాళ్లు వెతికేది పెద్ద నగరాల్లో, ఖర్చుపెట్టగలిగే జనాన్ని. ఇందుకూరుపేటలో ఉన్న రొయ్యల రైతు తెలుగులో వాతావరణం చదువుతుంటే ఆ బేలు కోసం వాళ్లు చెయ్యి ఎత్తరు. ఆ రైతుకి అమ్మాల్సిన మేత, మందులు, మోటార్లు, ఏరేటర్లు అమ్మే డీలరు ఊళ్లోనే ఉంటాడు, కానీ ఆయన అసలు ఆ వేలం కేంద్రానికే వెళ్లలేదు. గూగుల్ యాడ్స్ ఖాతా అనేది ఒకటుందని కూడా చాలామంది డీలర్లకి పట్టదు.

వంటల సైట్ తీసుకుందాం. నెల్లూరు చేపల పులుసు ఎలా పెట్టాలో నెల్లూరు వాళ్లకి పేజీ తెరిచి చూడాల్సిన అవసరం పెద్దగా ఉండదు. మామిడికాయ ఎప్పుడు వెయ్యాలి, చింతపండు పులుపు ఎంత ఉండాలి, రాత్రి పెట్టి పొద్దున తింటే ఎందుకు బాగుంటుంది అని వెతికేది ఊరు వదిలి వెళ్లినవాళ్లు. అదే పేజీ అమెరికాలో డల్లాస్‌లో తెరుచుకుంటే అక్కడి కంపెనీలు డాలర్లలో పాడతాయి, కాబట్టి ధర ఎక్కువ పలికే అవకాశం ఉంటుంది. అలాగని అందరూ అమెరికా వాళ్ల కోసం రాయాలని కాదు. రెండు సైట్లకి చూసేవాళ్ల సంఖ్య ఒకటే అయినా ఆదాయంలో ఎందుకంత తేడా వస్తుందో తెలుసుకోవడానికే ఇది.

కాలాన్ని బట్టి కూడా రేటు మారుతుంది. దసరా, దీపావళి రోజుల్లో కంపెనీలు ప్రకటనల బడ్జెట్లు విప్పుతాయి, రేట్లు లేస్తాయి. జనవరిలో చాలా సైట్లకి ఒక్కసారిగా పడిపోతాయి. అక్టోబరు లెక్క చూసి హోస్టింగ్‌కి మూడేళ్ల డబ్బు ఒకేసారి కట్టేసినవాళ్లకి జనవరిలో టెన్షన్ మొదలవుతుంది.

## కాగితం మీద లెక్క

వెయ్యి పేజీలు తెరుచుకుంటే వచ్చే డబ్బుని ఆర్పీఎం అంటారు. ఈ ఒక్క అంకె తెలిస్తే మిగతా లెక్కంతా వేసుకోవచ్చు. ఒక సైట్‌కి ఆర్పీఎం 40 రూపాయలని, రోజుకి వెయ్యి పేజీలు తెరుచుకుంటున్నాయని ఊహించుకుందాం. ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే, ఎవరి సైట్‌కి వాళ్ల అంకె వేరుగా ఉంటుంది. రోజుకి 40, నెలకి 1200. యాడ్‌సెన్స్ డబ్బు పంపేది ఖాతాలో 100 డాలర్లు నిండాక. డాలరు 90 రూపాయలనుకుంటే అది 9000. అంటే ఆ 100 డాలర్లు నిండడానికే ఏడున్నర నెలలు. రోజుకి వెయ్యి పేజీలు అనేది కొత్త సైట్‌కి చిన్న సంఖ్య కాదు కూడా.

యూట్యూబ్‌తో పోలిస్తే తేడా ఇంకోలా ఉంటుంది. అక్కడ మామూలు వీడియోల ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం వాటా, కానీ ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. వెబ్‌సైట్‌కి జనం ఇంతమంది ఉండాలన్న షరతు లేదు. గేటు వెడల్పుగా ఉంది కాబట్టి లోపల రద్దీ కూడా ఎక్కువే.

అప్రూవల్‌కి జనం అక్కర్లేదు గానీ సొంత సరుకు కావాలి. నోటిఫికేషన్ పీడీఎఫ్‌ని ఉన్నదున్నట్టు దించి పెట్టిన పేజీలు, పక్క సైట్ నుంచి ఎత్తేసినవి, ఏఐతో రోజుకి వందల లెక్కన కొట్టించినవి నిలబడవు. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాలు మార్చి, కేవలం వెతుకులాటలో పైకి రావడం కోసం గుట్టలుగా పేజీలు తయారుచేయడాన్ని, మనిషి రాసినా మిషన్ రాసినా, తప్పు కింద చేర్చింది.

## "మనోళ్లే కదా, నొక్కితే ఏం పోతుంది"

ఖాతాలు మూతపడడానికి చాలాసార్లు ఇదే కారణం. సైట్ మొదలుపెట్టిన ఉత్సాహంలో ఫ్రెండ్స్ గ్రూపులో లింకు వేసి, తలా నాలుగు సార్లు యాడ్ నొక్కండ్రా అని అడుగుతారు. ఒకరి సైట్‌లో ఒకరు నొక్కుకోవడానికే పెట్టుకున్న గ్రూపులు కూడా ఉంటాయి.

ఆ క్లిక్ వెనక డబ్బు పెట్టేది ఎవరో ఒక వ్యాపారి. ఆయనకి కస్టమర్ రాడు, డబ్బు మాత్రం పోతుంది. ఇలాంటివి ఎక్కువైతే వ్యాపారి ప్రకటనలే మానేస్తాడు కాబట్టి గూగుల్ ఈ విషయంలో చాలా కఠినంగా ఉంటుంది. ఒకే వైఫై, ఒకే ఊరు, లింకు తెరిచిన మూడో సెకనుకే క్లిక్, ఆ వెంటనే వెనక్కి, ఇలాంటి తీరుని మిషన్ సులువుగా పట్టేస్తుంది. ముందు సంపాదనలో కోత పడుతుంది, తర్వాత ప్రకటనలు కనపడడం తగ్గిస్తారు, అప్పటికీ ఆగకపోతే ఖాతా మూసేస్తారు. కోసిన డబ్బుని వీలైనచోట ప్రకటనకర్తకి తిరిగి ఇస్తారు. ఎవరో కక్షకొద్దీ నొక్కినా భారం పడేది సైట్ యజమాని మీదే, అది నిజంగా బాధాకరమైన విషయం. అప్పీలు చేసుకునే దారి ఉంది గానీ, తెలియక స్నేహితులతో నొక్కించినవాళ్లకి అక్కడ చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

## పది డాలర్లు, ఒక ఉత్తరం

ఖాతాలో 10 డాలర్లు చేరాక చిరునామా సరైనదో కాదో చూడడానికి ఆరంకెల పిన్ నంబరుతో ఒక ఉత్తరం వస్తుంది. వచ్చేది మామూలు పోస్టులో. ట్రాకింగ్ ఉండదు, రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. పిన్ తయారైన రోజు నుంచి నాలుగు నెలల్లో ఆ నంబరు ఎక్కించకపోతే సైట్‌లో ప్రకటనలు ఆగిపోతాయి.

పల్లెటూళ్లలో ఇక్కడే చిక్కు పడుతుంది. ఇంటి నంబరు సరిగ్గా ఉండదు, రామాలయం వెనక సందు అని చెప్తేనే పోస్ట్‌మ్యాన్‌కి తెలుస్తుంది, ఫారంలోనేమో వీధి పేరు, పిన్‌కోడ్ ఇంగ్లీషులో అడుగుతారు. ఉత్తరం మండల కేంద్రం దాకా వచ్చి అక్కడే ఉండిపోవచ్చు. చిరునామాలో తండ్రి పేరు, గుడి గుర్తు, మండలం పేరు చేర్చడం, బ్రాంచి పోస్టాఫీసుకి ఒకసారి వెళ్లి ఇలాంటి కవరు వస్తుందని చెప్పి రావడం వల్ల చాలా తేడా ఉంటుంది. ఒకటికి నాలుగుసార్లు అడిగినా ఉత్తరం రాకపోతే గుర్తింపు కార్డు చూపించి సరిచేసుకునే వీలుంది. అప్పుడు కార్డులో ఉన్న పేరు, ఖాతాలో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి.

100 డాలర్లు దాటిన నెల తర్వాతి నెలలో, 21 నుంచి 26 తేదీల మధ్య డబ్బు బయల్దేరుతుంది. విదేశం నుంచి వచ్చే సొమ్ము కాబట్టి బ్యాంకు స్విఫ్ట్ కోడ్ కావాలి, డబ్బు దేనికి వచ్చిందో చెప్పమని బ్యాంకు అడుగుతుంది. చిన్న బ్రాంచీల్లో దీనికి రెండుమూడు సార్లు తిరగాల్సి రావచ్చు.

పన్ను సంగతి కూడా ఇక్కడే. ఈ సొమ్ము ఆదాయమే, మిగతా ఆదాయంతో కలిపి రిటర్నులో చూపించాలి. సేవల మీద ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేవరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గూగుల్ ట్యాక్స్ అని పత్రికల్లో వచ్చిన 6 శాతం ఈక్వలైజేషన్ లెవీ 2016లో వచ్చి 2025 ఏప్రిల్ 1 నుంచి రద్దయింది. అది విదేశీ కంపెనీకి ప్రకటన ఇచ్చే వ్యాపారుల వైపు పన్ను, సైట్ యజమాని కట్టేది కాదు.

## ఫలితాల రోజు జనం ఎటు పోతున్నారు

ఇంటర్, పదో తరగతి ఫలితాలొచ్చే రోజు చిన్న సైట్లకి పండగ లాంటిది. నెలంతా రానంత జనం రెండు గంటల్లో వచ్చేవాళ్లు. రేటు తక్కువైనా జనం తోసుకొస్తే ఎంతో కొంత పడేది.

2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది, ఆ ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు నేరుగా అందులోనే వచ్చాయి. నంబరు సేవ్ చేసుకుని హాల్ టికెట్ కొడితే మార్కులు వచ్చేస్తాయి. పిల్లలకి, తల్లిదండ్రులకి ఇది ఎంతో మేలు. మధ్యలో ఉండి లింకు చూపించే సైట్‌కి మాత్రం చేయడానికి పని లేకుండా పోతుంది.

రెండో దెబ్బ గూగుల్ నుంచే. వెతికిన ప్రశ్నకి పైనే ఏఐ జవాబు చూపించే పద్ధతి 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో భారత్‌లో ఇంగ్లీషు, హిందీలతో మొదలైంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ అమెరికాలో 2025 మార్చి నాటి వెతుకులాటలని పరిశీలిస్తే, ఏఐ జవాబు ఉన్నప్పుడు కింద లింకు నొక్కింది 8 శాతం సార్లు, లేనప్పుడు 15 శాతం. ఇది అమెరికా లెక్క, దీన్ని యథాతథంగా ఒంగోలుకి అంటగట్టకూడదు. దారి మాత్రం ఎటు పోతోందో తెలుస్తుంది. "వయోపరిమితి ఎంత", "చివరి తేదీ ఎప్పుడు" లాంటి ఒక్కముక్క జవాబుల మీద బతికే పేజీలకి ముందు దెబ్బ తగులుతుంది. ఒకరు స్వయంగా చూసి, అడిగి, లెక్కగట్టి రాసిన పేజీకి కొంత రక్షణ ఉంటుంది, ఎందుకంటే అది వేరేచోట దొరకదు.

## వేలం బయట ఉన్న బయ్యరు

రోజుకి 500 మంది మాత్రమే తెరిచే రొయ్యల రేట్ల సైట్ ఒకటి ఉందనుకోండి. పొద్దున్నే ముత్తుకూరులో, విడవలూరులో, ఇందుకూరుపేటలో చెరువు గట్టు మీద నిలబడి 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు తూగే సైజు) ఎంత, 50 కౌంట్ ఎంత, 100 కౌంట్ ఎంత అని చూసుకుని, ఇవాళ పట్టుబడి పెట్టాలా నాలుగు రోజులు ఆగాలా అని తేల్చుకునే రైతులే ఆ 500 మందీ. గూగుల్ వేలంలో వాళ్ల చూపుకి పెద్ద ధర రాదు, పైన లెక్క ప్రకారం నెలకి ఆరొందలు. కానీ మేత డీలరుకి, ల్యాబ్ నడిపేవాళ్లకి, ఐస్ ఫ్యాక్టరీకి ఇంతకంటే పనికొచ్చే 500 మంది ఎక్కడా దొరకరు. ఒక్క రైతు ఒక్క పంటకి కొనే మేత ఖర్చే లక్షల్లో ఉంటుంది.

దినపత్రికల జిల్లా పేజీలు ఇన్నేళ్లుగా నడుస్తున్నది ఈ సూత్రం మీదే. ట్రంకు రోడ్డులో బట్టల కొట్టుకి హైదరాబాద్ పాఠకుడు అక్కర్లేదు, నెల్లూరు పాఠకుడు కావాలి. జిల్లా సైట్ కూడా ఆ దారిలో వెళ్లొచ్చు. నెలకి ఇంత అని మాట్లాడుకుని, దుకాణం బొమ్మ, ఫోన్ నంబరు పేజీలో పెడితే డబ్బు ఫోన్‌పేలో వస్తుంది. 100 డాలర్ల గడప లేదు, పిన్ ఉత్తరం లేదు, 32 శాతం కోత లేదు.

కష్టాలు వేరే ఉంటాయి. కొట్టు కొట్టుకీ తిరగాలి, రెండో నెల డబ్బు కోసం నాలుగుసార్లు ఫోన్ చేయాలి. ఎంతమంది చూస్తున్నారని అడిగితే నమ్మకంగా చూపించాలి, దానికి గూగుల్ అనలిటిక్స్‌లో గత నెల లెక్క తెరిచి ఫోన్‌లోనే చూపిస్తే చాలు. మేత కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని అదే కంపెనీ మేత మంచిదని వార్తలా రాస్తే రైతు నష్టపోతాడు, ఆ తర్వాత సైట్‌ని నమ్మడు. అందుకే డబ్బు తీసుకుని పెట్టిన ప్రతిదాని మీద "ప్రకటన" అని కనపడేలా రాయాలి. దుకాణం సైట్‌కి లింకు ఇస్తే అది డబ్బులిచ్చి పెట్టించిన లింకు అని కోడ్‌లో గుర్తు పెట్టాలి, లేకపోతే గూగుల్ దాన్ని లింకులు అమ్ముకోవడం కింద లెక్కేసి వెతుకులాటలో సైట్‌ని కిందికి నెట్టొచ్చు.

రెండూ కలిపి నడపడానికి అడ్డేమీ లేదు. దుకాణం ప్రకటన పేజీ పైభాగంలో, నెలవారీ రేటుకి. దుకాణాలు తీసుకోని మిగతా చోటు యాడ్‌సెన్స్‌కి. డీలరుతో మొదటి నెల సగం రేటుకి మాట్లాడుకుని, ఆ నెలలో పేజీలోని నంబరుకి ఎన్ని ఫోన్లు వచ్చాయో ఆయన్నే రాసుకోమంటే, రెండో నెల రేటు మాట్లాడుకోవడానికి ఆ కాగితమే పనికొస్తుంది.